పాటల డబ్బాలో మగ్గాలు

ఇందులో ఏది ముందు జరిగిందో, ఏది తర్వాత జరిగిందో కొంచెం అటూ ఇటూ కావచ్చు. అక్కావాళ్ళ అమ్మాయి పాటల డబ్బా కొన్నాక ఇంటావిడ మెట్లెక్కి వచ్చిందా, ఇంటావిడ వచ్చి వెళ్ళాక డబ్బా కొన్నదా అంటే, ఒకరోజు ఒకలాగా, ఇంకోరోజు ఇంకోలాగా గుర్తొస్తుంది. అందుకే గుర్తున్నంతవరకు ఇప్పుడే రాసిపెడుతున్నాను. వరస తప్పినా జరిగినవి మాత్రం జరిగినవే.

అక్కా బావా ఆ మేడమీద రెండు గదుల్లో అద్దెకుండేవాళ్ళు. రోజూ సాయంత్రం లైట్లు వేసే వేళకి అక్క దూదిని ఉండలు చేసి బావ రెండు చెవుల్లో కూరేది. చెవినొప్పికి కాదు. బావ మగ్గాల షెడ్డులో మేస్త్రీ. షెడ్డు మూతపడి ఏళ్ళు గడిచిపోయినా ఆ మరమగ్గాల చప్పుడు ఆయన చెవుల్లోంచి బయటికి వస్తూనే ఉండేది. పగలు వీధి గోలలో అంతగా తెలిసేది కాదు. వీధి సద్దుమణిగాక టకాటకా, టకాటకా అని గదంతా నిండిపోయేది. గ్లాసులో నీళ్ళు వణికేవి. గోడకి తగిలించిన అద్దం కొద్దికొద్దిగా పక్కకి జరిగి ఒంకరపోయేది. చుట్టుపక్కల వాళ్ళకి అది కుళాయి కారడం లాంటి సంగతి, అంతే. ఎదురింటి టైలరైతే తన మిషను ఆ చప్పుడుకి కలుపుకుని తొక్కేవాడు, కుట్టు సమంగా పడుతుందని.

బావకి మాత్రం ఆ చప్పుడు తప్ప ఇంకేదీ వినపడేది కాదు. దానివల్ల ఇంట్లో పని ఆగిందీ లేదు. అక్క కూడా అదే షెడ్డులో నూలు కండెలు చుట్టే వరసలో పనిచేసింది. అక్కడ పక్కవాళ్ళ చెవిలో అరిచినా వినపడదు కాబట్టి అందరూ పెదవులతోనే మాట్లాడుకునేవాళ్ళు, గొంతు లేకుండా. పొడుగాటి పేర్లు పెదవుల మీద తేలవని ఒక్కొక్కళ్ళకీ ఒక పొట్టి పేరు పెట్టుకున్నారు. సూపర్‌వైజరు అందరికీ మామ. పెదవుల మీద మామకీ పాపకీ తేడా ఉండదు కాబట్టి, మామ అన్నప్పుడు మీసం దువ్వినట్టు వేలు ఆడించాలి. కొత్తగా చేరిన ఒకామె వేలు ఆడించడం మరిచిపోయిందట. ఎవరి పాపో వచ్చిందనుకుని అందరూ నవ్వుమొహాలు పెట్టి తలెత్తితే ఎదురుగా సూపర్‌వైజరు. ఆ రోజంతా ఆయన చాలా మంచిగా ఉన్నాడని అక్క చెప్పేది.

అక్కా బావా ఆ షెడ్డులోనే, ఆ పెదవులతోనే ఇష్టపడి పెళ్ళి చేసుకున్నారు. ఇంట్లోనూ అలాగే మాట్లాడుకునేవాళ్ళు. పోట్లాడుకున్నా చప్పుడుండేది కాదు. కోపమొస్తే అవతలి మనిషికి వీపు తిప్పేస్తే చాలు, ఇక ఎన్ని అన్నా చేరదు.

ఆ షెడ్డు గాలిలో దూది నూగు ఎప్పుడూ తేలుతూ ఉండేది. కొన్నేళ్ళు అక్కడ పనిచేసిన వాళ్ళెవరికైనా దగ్గు పట్టుకునేది. దగ్గుతూ కనపడినవాళ్ళని మర్నాడు పనిలోకి రావద్దనేవాళ్ళు. పిచ్చుక అనే ఆమెని అలాగే పంపేశారు. ఇక ఆడవాళ్ళందరూ ఒక పద్ధతి నేర్చుకున్నారు. మగ్గం దెబ్బ పడేదాకా ఊపిరి బిగపట్టి, సరిగ్గా దెబ్బ పడ్డప్పుడు, పెదవులు మూసి, భుజం కదలకుండా లోపల్లోపలే దగ్గాలి. దెబ్బకీ దెబ్బకీ మధ్యన ఊపిరి తీసుకోవాలి. అక్క అందులో ఆరితేరింది. షెడ్డు మూతపడ్డా ఇంట్లో బావ చెవుల్లో మగ్గాలు నడుస్తూనే ఉన్నాయి గనుక, ఆ దెబ్బకే దగ్గేది, ఆ దెబ్బకే ఊపిరి పీల్చేది. ఆ దగ్గు ఎంత ముదిరిందో మొగుడికీ తెలియదు, కూతురికీ తెలియదు. తెలిస్తే తనని కూర్చోబెట్టేస్తారని ఆమె భయం. కూర్చోబెట్టడమంటే పిచ్చుకని పంపేసినట్టు పంపేయడమే అని ఆమె మనసులో ఉండిపోయింది. ఇదంతా అక్క నాకు చెప్పింది చాలా తర్వాత.

అమ్మాయి కొరియర్ ఆఫీసులో పార్సిళ్ళు వేరుచేసే పనిలో ఉండేది. మొదటి జీతాలు ఇంటికే సరిపోయాయి. ఒకసారి బోనస్ లాంటిదేదో వస్తే తనకోసమని ఒక వస్తువు కొనుక్కుని వచ్చింది. ఎంపీత్రీ ప్లేయరు. అప్పట్లో అవి కొత్త. మంచివి పెద్ద షాపుల్లో అద్దాల వెనక ఉండేవి. ఇది బస్టాండు దగ్గర గొడుగు కింద అమ్మేవాడి దగ్గర కొన్నది.

అగ్గిపెట్టె కంటే కొంచెం పొడుగు. వెండి రంగు వేసిన ప్లాస్టిక్కు, అంచుల్లో అప్పుడే గీతలు. వెనక చొక్కాకి పెట్టుకునే క్లిప్పు. తెర లేదు, ముందు ఒక నీలం దీపం. నొక్కితే ఎవరో ఆడమనిషి ఎవరికీ తెలియని భాషలో ఒక ముక్క పలకరించి, ఆ తర్వాత అదే భాషలో పాడేది. తర్వాతి పాట కావాలంటే మీట రెండుసార్లు నొక్కాలి. ఒకసారి నొక్కితే ఆగిపోతుంది, మూడుసార్లు నొక్కితే మళ్ళీ ఆ పలకరింపు. చెవిలో పెట్టుకునే రబ్బరు గుబ్బల్లో ఎడమది గట్టిగా, కుడిది ఏదో మొహమాటంగా పలికేది. ఛార్జింగు పెట్టినంతసేపూ పాడదు.

అక్క దాన్ని అరచేతిలో ఎగరేసి చూసి, ఇంత తేలిగ్గా ఉందేమిటి, లోపల ఏమైనా పెట్టారా మరిచిపోయారా అంది పెదవులతో. బావ చెవి దగ్గర పెట్టుకుని గిలక్కొట్టాడు, మగ్గంలో అటూ ఇటూ తిరిగే నాడె పగిలిందేమో చూసే అలవాటు కొద్దీ. అమ్మాయి మూడు రోజులు వాడి తన తీర్పు చెప్పింది. ఇచ్చిన డబ్బుకి పరవాలేదు, గొంతులు సన్నగా వస్తాయి గాని మాటలు తెలుస్తాయి, కాకపోతే ఈ ఇంట్లో ఏ పాట పెట్టినా వెనకాల నాన్న వాయిస్తూనే ఉంటాడు.

ఇంటావిడ, అంటే ఆ ఇల్లు గలావిడ, కింద ఉండేది. ఆవిడ కూతురు పురిటికి వచ్చింది. పసిబిడ్డ నిద్రపోవడం లేదని ఇంటావిడ పైకి వచ్చి, కుర్చీలో కూర్చుని, చాలా మర్యాదగా, ఎన్నో ఏళ్ళుగా ఏమీ అనలేదు కదా అని గుర్తుచేసి, నెలాఖరుకల్లా ఆ మగ్గాలైనా ఆపాలి, గదులైనా ఖాళీ చెయ్యాలి అని చెప్పింది. చెప్పినంతసేపూ బావ ఆవిడ పెదవులనే చూస్తూ కూర్చున్నాడు. ఆవిడ వెళ్ళాక దూది ఇంకాస్త పెద్ద ఉండ చెయ్యమన్నాడు.

దూది ఎంత కూరినా అంతే. అప్పుడు అమ్మాయికి ఆ రబ్బరు గుబ్బలు గుర్తొచ్చాయి. దూది కంటే గట్టిగా బిగుస్తాయి కదా అని తండ్రి చెవుల్లో అవి దూర్చింది. పాట పెట్టలేదు. నీలం దీపం దానంతట అదే వెలిగింది. తీగె సన్నగా అదిరింది. గదిలో చప్పుడు, నీళ్ళు కాలవలోకి దిగుతున్నట్టు, తీగె వెంబడి డబ్బాలోకి దిగడం మొదలుపెట్టింది.

కాసేపటికి దీపం ఎర్రబడింది. నిండిపోయిందంటూ అమ్మాయి గబగబా తన పాటలు ఒక్కొక్కటీ తీసేసి చోటు చేసింది. ఆ తెలియని భాష పాటలూ తీసేసింది. పలకరించే ఆడమనిషి మాత్రం పోలేదు. మర్నాడు మధ్యాహ్నానికి బావ చెవులు ఖాళీ అయ్యాయి.

బావ రబ్బరు గుబ్బలు తీసి, తల అటూ ఇటూ తిప్పాడు. స్నానాల గదిలో కుళాయి చుక్క పడింది. ఆయన లేచి వెళ్ళి దాన్ని చూశాడు. ఇంకో చుక్క పడేదాకా నిలబడ్డాడు. తర్వాత గదులన్నీ తిరిగాడు, కొత్తగా అద్దెకి వచ్చినవాడిలా. తలుపు తెరిచి మూశాడు. ఫ్యాను కింద నిలబడి తలెత్తి చూశాడు.

"ఇది ఇంత ఏడుస్తుంటే ఎవరూ చెప్పలేదేం?" అన్నాడు. గొంతుతోనే అన్నాడు. ఆ గొంతు విని తనే వెనక్కి చూశాడు.

అమ్మాయి నవ్వి, ఏమో, మాకూ ఇప్పుడే వినపడింది నాన్నా అంది. బావ దాని మొహంలోకి చాలాసేపు చూసి, నీది మా అమ్మ గొంతే అన్నాడు. అమ్మాయి వంటగదిలోకి వెళ్ళిపోయి, ఉత్తినే గిన్నెలు కడుగుతూ ఉండిపోయింది. కింద ఇంటావిడ మనవరాలు నిద్రపోయిందని కబురొచ్చింది.

అందరూ అంతా బాగుపడిందనుకున్నారు. నేనూ వెళ్ళి చూసి వచ్చాను. గది గుడ్డ పరిచినట్టు నిశ్శబ్దంగా ఉంది. బావ నన్ను ఏదైనా మాట్లాడమని, నా గొంతు ఇంత సన్నదని అనుకోలేదని ఆటపట్టించాడు. అక్కని కూడా మాట్లాడమన్నాడు. అక్క పెదవులతోనే, ఏం మాట్లాడను, ఉన్నవన్నీ ఎప్పుడో మాట్లాడేశాను కదా అంది. నవ్వుతూనే ఉంది. నవ్వుకి కుదురు లేదు. కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చుంది.

ఆమె దెబ్బ కోసం చూస్తోంది. దగ్గు వస్తే ఊపిరి బిగపట్టి మగ్గం దెబ్బ పడుతుందేమోనని ఆగుతోంది. దెబ్బ పడటం లేదు. బిగపట్టిన ఊపిరి ఎప్పుడు వదలాలో ఆమెకి తెలియడం లేదు. ఇన్నేళ్ళలో అలవాటు తప్పి ఒక్క ఊపిరి కూడా తీసుకోలేదు మరి.

ఆ సంగతి పట్టుకున్నది బావే. మేస్త్రీగా ఉన్నన్నాళ్ళూ, చెవులు పూర్తిగా పోకముందు, ఏ మగ్గం జబ్బుపడ్డా వరస చివరనుంచే చెప్పేవాడు. మూడోరోజు పొద్దున టీ తాగుతూ గ్లాసు పక్కన పెట్టి, లేచి వచ్చి అక్క వీపుకి చెవి ఆనించాడు. అక్క వదిలించుకోబోయింది. ఆయన వదల్లేదు.

"లోపల నూగు పట్టింది," అన్నాడు. "ఎన్నాళ్ళనుంచి?"

అక్క ఆయనకి వీపు తిప్పేసింది. ఇదివరకైతే దాంతో మాట ఆగిపోయేది. ఇప్పుడు ఆమె వీపు తిప్పినా ఆమె లోపలి గరగర ఆయనకి వినపడుతూనే ఉంది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ ఫొటో తీయించి కిటికీ వెలుగులో పట్టుకుని చూసింది. ఊపిరితిత్తులు పాత దిండ్లలా ఉన్నాయంది. ఇవి బాగయ్యేవి కావనీ, ఇంతకాలం ఎలా నడిపిందో తనకి అర్థం కావడం లేదనీ అంది. అమ్మాయి మగ్గాల సంగతి చెప్పింది. డాక్టరమ్మ తలూపి, చీటీ మీద మందులు రాసి, ఆ చప్పుడు ఇంట్లో ఎక్కడైనా ఉంటే మళ్ళీ పెట్టండి, ఆవిడ దానిమీదే ఊపిరి తీసుకుంటోంది, ఎంత కాలం పెడితే అంత కాలం అని చెప్పింది. తర్వాతి మనిషిని పిలిచింది.

చప్పుడు డబ్బాలో భద్రంగానే ఉంది. ఇంటికి రాగానే అమ్మాయి రబ్బరు గుబ్బలు తల్లి చెవుల్లో పెట్టి మీట నొక్కింది. ఆ ఆడమనిషి పలకరించింది. తర్వాత సన్నగా, డబ్బాలో గవ్వలు ఆడించినట్టు, టకాటకా. అక్క భుజాలు దిగాయి. పెదవులు మూసి ఒకసారి దగ్గింది. చాలా రోజుల తర్వాత వంట చేస్తానని లేచింది.

ఆ డబ్బాతో కొన్నాళ్ళు గడిపారు. గడిపారంటే, ముగ్గురూ దాని చుట్టూ తిరిగారు. ఛార్జింగు పెట్టినంతసేపూ అది పలకదు కాబట్టి ఆ వేళకి బావ మంచం పట్టె మీద అరచేత్తో దెబ్బ వేస్తూ కూర్చునేవాడు. కుడి గుబ్బ పూర్తిగా మూగబోయింది. అక్క పక్కకి తిరిగి పడుకుంటే ఎడమది ఊడొచ్చేది. ఊడొస్తే ఊపిరి ఆగేది. తీగె మొదలు దగ్గర ఎక్కడో లోపల తెగింది, దాన్ని ఒక కోణంలో వంచి పట్టుకుంటేనే పలికేది. అమ్మాయి బస్టాండుకి వెళ్ళి అడిగితే గొడుగువాడు లేడు, గొడుగు కింద దువ్వెనలు అమ్ముతున్నారు. పెద్ద షాపువాడు దాన్ని వేళ్ళ చివర్లతో పట్టుకుని, ఇవి బాగుచేసేవి కావమ్మా, పారేసేవి అన్నాడట.

ఒక సాయంత్రం కరెంటు పోయింది. డబ్బాలో ఛార్జింగు అయిపోయింది. బావ పట్టె మీద దెబ్బ వేస్తూనే ఉన్నాడు. మనిషి చెయ్యి మగ్గం కాదు. అలిసిపోతుంది, తడబడుతుంది, తడబడినప్పుడల్లా అక్క కూడా తడబడింది. పెదవులు నీలంగా మారాయి. కళ్ళు బావ చేతిమీదే ఉన్నాయి. అమ్మాయి రెండో పక్కన కూర్చుని అందుకుంది. కరెంటు వచ్చేసరికి ఇద్దరి అరచేతులూ పగిలి పట్టెకి నెత్తురు అంటుకుంది. మర్నాడు అక్క ఆ పట్టెని తుడిచింది, వాళ్ళు వారిస్తున్నా.

ఆరోజే బావ అమ్మాయికి చెప్పాడు, ఆ చప్పుడు తిరిగి నా చెవుల్లో పోసేయ్ అని.

అమ్మాయి ఒప్పుకోలేదు. తీగె ఇంకొక్కసారికైనా ఆగుతుందో లేదో తెలియదంది. ఒకసారి లోపలికి వెళ్ళాక మళ్ళీ బయటికి తీసే దారి లేదంది. నీకు వినపడటం మొదలై నెల కూడా కాలేదు నాన్నా అంది. ఇంటావిడకి ఏం చెబుతామంది. అన్నీ నిజమే.

"ముప్పై ఏళ్ళు విన్నాను," అన్నాడు బావ. "ఇంకొన్నాళ్ళు వింటే అరిగిపోనులే."

అక్క పెదవులు గబగబా కదిలాయి. వద్దు, నేనెన్నాళ్ళుంటానని, నాకోసం నువ్వు మళ్ళీ ఆ గోలలోకి ఎందుకు, నన్ను ఇలాగే పోనీ అని. బావ చూసి కూడా చూడనట్టు మొహం పక్కకి తిప్పుకున్నాడు. వాళ్ళిద్దరి కాపురంలో వీపు తిప్పడం ఎప్పుడూ అక్క వంతే, ఆయన వంతు రావడం అదే మొదలు.

కుర్చీ మంచానికి దగ్గరగా లాక్కుని కూర్చున్నాడు. అమ్మాయి డబ్బా ఒళ్ళో పెట్టుకుని, తీగె తెగినచోట రెండు వేళ్ళతో వంచి పట్టుకుంది. ఛార్జింగు నిండుగా ఉంది. అంతా సిద్ధమయ్యాక బావ చెయ్యెత్తి కాస్త ఆగమన్నాడు. అక్కవైపు తిరిగాడు.

"గొంతుతో ఏదైనా ఒక మాట అను," అన్నాడు. "ఏదో ఒకటి."

అక్క సిగ్గుపడింది. ఆ వయసులో, ఆ స్థితిలో, కూతురి ఎదుట సిగ్గుపడింది. గొంతు సవరించుకుంది. ఏమనాలా అని గదంతా చూసింది. మొదటిసారి గాలి మాత్రమే వచ్చింది. రెండోసారి వచ్చిన గొంతు బొంగురుగా, చిన్నపిల్లదిలా, ఎవరిదో అన్నట్టుగా ఉంది.

"ఆ కిటికీ వేసెయ్యి," అంది. "దుమ్ము వస్తోంది."

బావ లేచి వెళ్ళి కిటికీ వేశాడు. గడియ పెట్టాడు. గడియ పడిన చప్పుడు విన్నాడు. వచ్చి కూర్చుని, రబ్బరు గుబ్బలు తనే చెవుల్లో పెట్టుకుని, కూతురికి తలూపాడు.

సాయంత్రానికి గ్లాసులో నీళ్ళు వణికాయి. చివరి చప్పుడు దిగడంతోనే తీగె అమ్మాయి వేళ్ళ మధ్యన రెండు ముక్కలైంది. నీలం దీపం ఆరిపోయింది, మళ్ళీ వెలగలేదు. అక్క మంచం మీద వెల్లకిలా పడుకుని, దెబ్బకొక ఊపిరి చొప్పున, నెమ్మదిగా రంగు తేలింది.

ఇంటావిడ కంటతడి పెట్టుకుంది గాని మాట మార్చుకోలేదు. పసిబిడ్డ ఉన్న ఇల్లు కదా, ఆవిడ బాధ ఆవిడది. వాళ్ళు ఊరి చివర లేత్ మిషన్ల షెడ్ల వెనక ఒక గదిలోకి మారారు. అక్కడ ఎవరి చప్పుడు ఎవరికీ పట్టదు. ఆ గదిలో బావకి ఇక దూది పెట్టేవాళ్ళు లేరు, పెట్టనక్కర్లేదు. అక్క పక్కనే చెవి ఆమె వైపు ఉండేలా పడుకునేవాడు. డాక్టరమ్మ అనుకున్నదానికంటే ఎక్కువే బతికింది అక్క. ఆ చలికాలం దాటింది, ఇంకో చలికాలం కూడా దాటింది. పోయినప్పుడు పగటిపూటే పోయింది, మగ్గాలు నడుస్తుండగానే. బావకి ఆమె చివరి ఊపిరి వినపడలేదు. చూశాడు.

ఆయన ఇప్పుడూ ఆ గదిలోనే ఉన్నాడు. కిటికీ ఉన్న గది కాదది. ఆయన చెవిన పడ్డ ఆఖరి మాట అదే, ఆ దుమ్ము సంగతి. ఇప్పుడు ఆయన చెవులు మోస్తున్న చప్పుడుతో ఎవరికీ పనిలేదు. అయినా అది ఆగలేదు.

అమ్మాయ్, ఇది మీ పిన్ని రాసింది. ఒకసారి చదివి పేర్లు సరిచూడు. పనిలోంచి పంపేసిన ఆమె పిచ్చుకేనా, పావురమా? రాసేటప్పుడు పిచ్చుక అనే అనిపించింది, ఇప్పుడు చదువుకుంటే నమ్మకం చాలడం లేదు. మీ అమ్మ ఉంటే తననే అడిగేదాన్ని. మీ నాన్నని అడుగు, ఆయన చెబుతాడు. ఎదురుగా కూర్చుని, పెదవులు కనపడేలా అడుగు.